ఎలుకల స్కానింగు గదిలో సాలమ్మక్క

కొత్త స్కానింగు యంత్రం దించిన రోజు సాలమ్మక్క దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, నడుమనున్న గుండ్రటి రంధ్రంలోకి తొంగి చూసింది.

"గిండ్ల మనిషి తలకాయ గూడ పట్టదు గదనే, త్రివేణీ!"

"మనుషులకు కాదక్కా, ఎలుకలకు."

"ఎలుకలకు దవాఖాననా!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకొని చాలాసేపు నవ్వింది.

అది 2017. బీబీనగర్ దగ్గర ఓ ప్రైవేటు పరిశోధన సంస్థ. కొత్త మందులను మనుషులకు ఇచ్చేముందు అక్కడ ఎలుకల మీద పరీక్షించేవాళ్లం. నేను నల్గొండ నుంచి కొత్తగా చేరిన టెక్నీషియన్‌ని. సాలమ్మక్క జంతువుల గదిలో పంజరాలు కడిగి, మేతా నీళ్లూ పెట్టేది. ఆలేరు పక్క పల్లె ఆమెది. గజం భూమి లేని ఇల్లు. చిన్ననాటి నుంచీ కూలికి పోయింది. భర్త చనిపోయాక పదకొండేళ్లు కోళ్ల ఫారంలో కోడిపిల్లలను సాకింది. అది మూతపడితే మా దగ్గరికి వచ్చింది. కూతురు గ్లోరీ అప్పుడు భువనగిరిలో ఇంటర్ చదువుతోంది.

కొద్దిపాటి రేడియోధార్మికత ఉన్న చక్కెర మందును ఎలుక తోక నరంలోకి ఎక్కించి, గంట ఆగి, మత్తిచ్చి యంత్రంలో పడుకోబెట్టేవాళ్లం. ఒంట్లో చక్కెర ఎక్కడ ఎక్కువ ఖర్చవుతుందో తెర మీద అక్కడ వెలుగు కనిపిస్తుంది. క్యాన్సర్ గడ్డ చక్కెరను ఆబగా తింటుంది. మేం పరీక్షించే మందు పనిచేస్తే ఆ వెలుగు తగ్గాలి. చక్కెర మందు హైదరాబాదు నుంచి సీసపు డబ్బాలో వచ్చేది. రెండు గంటలు తిరగకముందే దాని బలం సగానికి పడిపోతుంది కాబట్టి, బండి గేటు దాటగానే మాకు పరుగే.

మొదటి నెలలోనే చిక్కొచ్చింది. గడ్డ ఉన్నది తొడ దగ్గరైతే, ప్రతి ఎలుకకూ మెడ వెనక, భుజాల నడుమ కూడా పెద్ద వెలుగు. క్యాన్సర్ పాకిందేమోనని మా పెద్ద శాస్త్రవేత్త రఘుపతి గారు కోసి చూస్తే అక్కడ ఏమీ లేదు. బెంగళూరు నుంచి ఇంజినీరు రెండుసార్లు వచ్చి, యంత్రంలో లోపం లేదని తేల్చి వెళ్లాడు. ఇక మిగిలింది సూది వేసే నేను. అందరూ నా చేతులవైపే చూడసాగారు.

ఒక మధ్యాహ్నం మెట్ల మీద కూర్చొని ఏడుస్తుంటే సాలమ్మక్క వచ్చి పక్కన కూర్చుంది. సంగతంతా చెప్పాను.

"నీ సూదిల తప్పేం లేదు బిడ్డా. అవి చలికి వణుకుతున్నయి" అంది.

"చలేందక్కా?"

"నేను రోజు జూస్తున్న. మా గదిల మంచిగుంటయి. మీ ఏసీ గదికి తెచ్చినంక అన్ని ఒక్క మూలకు గుంపు గడ్తున్నయి. కోడిపిల్లలు గూడ గంతే. వెచ్చదనానికి పెట్టిన కరెంటు బుగ్గ ఆరిపోతే ఒకదాని మీదొకటి ఎక్కుతయి. ఒళ్లు వెచ్చజేసుకోవాలంటే లోపల ఏదో ఒకటి కాలాలె గద?"

ఆ మాట తీసుకెళ్లి రఘుపతి గారికి చెప్పాను.

"ఎలుకలకు భుజాల నడుమ వేడి పుట్టించే కొవ్వు ఉంటది. చలేస్తే అది చక్కెర కాలుస్తది. నేను చదువుకున్నదే" అన్నారు. తర్వాత తన ఒంటివైపు చూసుకున్నారు. "రోజూ స్వెటర్ ఏసుకొని కూసుంటున్న. అయినా తట్టలే."

మర్నాడు నాలుగు ఎలుకలను మామూలుగా ఉంచి, నాలుగింటిని దీపం కింద వెచ్చగా పెట్టాం. దీపం ఎంత ఎత్తున ఉండాలో సాలమ్మక్కే చెప్పింది. అవి దూరంగా జరిగితే పైకి లేపేది, దగ్గరికి ముడుచుకుంటే దించేది. వెచ్చగా ఉన్న నాలుగింటికీ మెడ వెనక వెలుగు మాయమైంది. రఘుపతి గారు ఆమెను పిలిచి తెర చూపించారు.

"ఇప్పుడు నిమ్మలంగ పండుకున్నయి" అంది, అంతే.

అప్పటి నుంచి ఆమె స్కానింగు గది మనిషైంది. రేడియేషన్ కొలిచే బ్యాడ్జి ఇచ్చారు. మూడు నెలలకోసారి ఫలితం వచ్చేది. "నాకెంతొచ్చింది?" అని అడిగేది. సున్నా అంటే మొహం చిన్నబుచ్చుకునేది. "గింత పని జేసినా సున్నానేనా!" సున్నా వస్తేనే మంచిదని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు నచ్చేది కాదు.

మేము అచ్చువేసిన పరిశోధన వ్యాసం చివర కృతజ్ఞతల్లో ఆమె పేరుంది. చదివి వినిపిస్తే, "ఎలుకల పేర్లు రాసిన్రా? పానం పోయింది వాటియే గద" అంది. ప్రయోగం ముగిసి వాటిని చంపాల్సిన రోజుల్లో ఆమె సాయంత్రం దాకా సద్ది విప్పేది కాదు. అడిగితే ఆకలి లేదనేది.

2023లో యంత్రానికి విడిభాగాలు దొరకక ఆ గది మూసేశారు. నేను నల్గొండలో ఓ దవాఖానలో చేరాను. గ్లోరీ నర్సయి మహబూబ్‌నగర్‌లో ఉంటోంది. సాలమ్మక్క ఆమె దగ్గరే.

నిరుడు వానాకాలంలో వెళ్లి కలిశాను. మక్క గారెలు చేసి పెట్టింది. సాయంత్రం దాకా ఆ గది ముచ్చట్లే.

"పొద్దున నేను తలుపు తీసుడే ఆలస్యం, పంజరాల్ల అన్ని లేసి నిలబడుతుండె" అంది. "మళ్ల నన్ను జూసి గట్ల ఎవ్వరు లేసి నిలబడలే త్రివేణీ."

గ్లోరీ డ్యూటీ నుంచి వచ్చి, గడపలో చెప్పులు విప్పుతూ, "ఇంకా ఎలుకల ముచ్చట్లేనా అమ్మా?" అంది.