పళ్ళెంలో తిరిగి పెట్టేసిన కార్డు

జనవరి ఒకటిన ఉదయం ఆరాధన అయ్యాక మా ఏలూరు చర్చిలో వాగ్దాన కార్డులు పంచుతారు. పంచుతారంటే, పాస్టరమ్మగారు పళ్ళెం పట్టుకుని నిలబడతారు, కార్డులు బోర్లా పెట్టి ఉంటాయి, ఎవరికి వారే ఒకటి తీసుకోవాలి. దాని మీదున్న వాక్యమే ఆ ఏడాదికి దేవుడు మనకి చెప్పే మాట. చిన్నప్పటి నుంచీ తీసుకుంటున్నాను. వచ్చినదాన్ని మార్చుకోకూడదని నాకెవరూ చెప్పలేదు. చెప్పాల్సి వస్తుందని ఎవరూ అనుకుని ఉండరు.

ఆ ఏడు మా ఆయన మంచంలో ఉన్నారు. కొల్లేరు చెరువుల దగ్గర లారీకి చేపల ట్రేలు ఎక్కిస్తూ పైనుంచి పడ్డారు. నడుముకి ఆపరేషనై ఐదు నెలలైంది. కాళ్ళలో కదలిక వచ్చింది గాని నిలబడలేకపోతున్నారు. నడుస్తారా అని అడిగితే డాక్టరు "చూద్దామమ్మా" అనేవారు. ఆ మాట వింటేనే నాకు ఒళ్ళు మండేది.

నా వంతు వచ్చింది. తీసి చూస్తే, ఓర్పుతో కనిపెట్టుకుని ఉండమని, అంటే ఎదురుచూడమని ఉంది. దేవుడు కూడా డాక్టరు పాటే పాడుతున్నాడా అని చిర్రెత్తుకొచ్చింది. పాస్టరమ్మగారు పక్కకి తిరిగి ఎవరికో హ్యాపీ న్యూ ఇయర్ చెబుతున్నారు. కార్డు మెల్లిగా పళ్ళెం అంచున పెట్టేసి ఇంకోటి తీసుకున్నాను. స్వస్థత గురించిన వాక్యం వచ్చింది. ఎంత సంతోషించానో! నా వెనకే నిలబడ్డ మా అత్తగారి సంగతే మర్చిపోయాను.

ఇంటికొచ్చి ఆ కార్డుని ఆయన మంచానికి ఎదురుగా గోడకి అంటించాను. అక్కణ్ణుంచి ఆయనకి నరకం మొదలైంది. తాడేపల్లిగూడెంలో నేను పాఠాలు చెప్పే స్కూలుకి బయల్దేరే ముందు రోజూ ఒకటే అడిగేదాన్ని, "ఇవాళ లేచి నిలబడతారా?" అని. ఫిజియోథెరపీ అతను తొందరపడొద్దంటే అతని మీద అరిచాను. అత్తగారు మాత్రం పొద్దున్నే కొడుకు కాళ్ళకి నూనె రాసి, కాసేపు మడిచి చాపించి, "చాల్లే నాన్నా, మిగతాది రేపు" అనేవారు. ఆవిడ ఆశ వదిలేసుకున్నారని నేను లోలోపల తిట్టుకునేదాన్ని.

ఫిబ్రవరిలో ఒక సోమవారం, రైలుకి టైమైపోతుంటే, నోరు జారాను.

"దేవుడు మాటిచ్చినా మీకే విశ్వాసం లేదండీ. అందుకే ఇలా పడున్నారు."

ఆయన గోడకున్న కార్డు వైపు చూశారు.

మధ్యాహ్నం స్కూలుకి ఫోనొచ్చింది. అత్తగారు పెరట్లో ఉండగా ఆయన కిటికీ ఊచ పట్టుకుని లేవబోయి పడిపోయారట. సీట్లు ఖాళీగా ఉన్నా ఏలూరు దాకా రైల్లో నిలబడే వచ్చాను. అదృష్టం, నడుముకేమీ కాలేదు, మణికట్టు విరిగింది. కట్టుతో పడుకున్న మనిషి నన్ను చూడగానే "సారీ, ప్రయత్నించాను" అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. నమ్మకం లేనిది నాకు. ఆ నేరం తీసుకెళ్ళి ఆయన నెత్తిన రుద్దాను. మరో పది నెలలకి గాని ఆయన వాకర్ పట్టుకుని నిలబడలేదు.

ఆయన పడిన రోజు సాయంత్రమే వంటింట్లో అత్తగారి దగ్గర కూలబడి కార్డు సంగతంతా చెప్పేశాను. ఆవిడ జావ కలుపుతూనే విన్నారు.

"చూశానమ్మా. నీ వెనకాలే ఉన్నాను కదా."

"మరి ఏమీ అనలేదేంటండీ?"

"అనడానికేముంది? నువ్వు పెట్టేసిందే నేను తీసుకున్నాను."

"అయ్యో, ఇంకేదైనా తీసుకోవాల్సింది కదండీ, అత్తయ్యగారూ?"

"మనింటికొచ్చిన మాట కదమ్మా. నీకు నచ్చలేదని అక్కడే ఎలా వదిలేసి వస్తాను?"

జావ గ్లాసు నా చేతిలో పెట్టి, వాడికి తాగించమన్నారు. ఆ గదిలోకి వెళ్ళడానికి నాకు మొహం చెల్లలేదు.