ఆయన మొదటి గొంతు

మొన్న మా అమ్మాయి నన్ను కారులో జూబ్లీ హిల్స్ మీదుగా ఇంటికి తీసుకొస్తూంటే, సిగ్నల్ దగ్గర ఆగిన ఆ కాస్సేపట్లో రేడియోలో ఎవరో కొత్త కుర్రవాడి పాట మొదలైంది. పల్లవి మామూలుగానే సాగింది గానీ, చరణం చివర ఆ అబ్బాయి గొంతు ఉన్నట్టుండి పైకి లేచి, సన్నబడి, ఇంకా పైకి పోయింది. నాకు తెలియకుండానే చెయ్యి చాచి రేడియో కట్టేశాను. "పాటకి భయపడే మనిషిని నిన్నొక్కదాన్నే చూశానమ్మా," అని మా అమ్మాయి నవ్వింది. నేనూ నవ్వేసి ఊరుకున్నాను. కారులో కూర్చుని రెండు ముక్కల్లో చెప్పగలిగేది కాదది. ఒకే మైకు చుట్టూ పదిమంది నిలబడి పాడిన రోజులు ఎరిగినవాళ్లకైతే కాస్త నిదానంగా చెప్పుకోవచ్చుననిపించి ఇలా కూర్చున్నాను.

మా ఆయనది టెనర్ గొంతు. కోస్తాలో మా ఊరి చర్చి క్వయర్‌లో మగవాళ్లు రెండు వరుసల్లో నిలబడేవారు, కింది స్వరాలు పాడే బేస్ వాళ్లు వెనక, పై స్వరాలు పాడే టెనర్లు ముందు. బేస్‌కి ఎప్పుడూ కొరత ఉండేది కాదు, గొంతు మారిన ప్రతి కుర్రాడూ అందులో చేరిపోయేవాడు. టెనర్ వరుసలో మాత్రం పేరుకి నలుగురున్నా, నిజంగా పాడేది ఈయనొక్కరే, మిగతావాళ్లు ఈయన నీడన పెదవులు కదిపేవారు. నేను ఆడవాళ్లలో కింది వరుసదాన్ని, ఆల్టోలో పాడేదాన్ని. ఆయన గొంతులో ఆడతనం లేదు, అరుపూ లేదు. ఎంత పైకి వెళ్లినా ఎక్కడానికి ఆయాసపడుతున్నట్టు కాక, ఎక్కేసి పైమెట్టు మీద తీరిగ్గా కూర్చుని కాళ్లు ఊపుతున్నట్టుండేది. హార్మోనియం వాయించే మా మామగారు కొడుకు పాడుతున్నంతసేపూ తల ఎత్తేవారు కాదు, దిష్టి తగులుతుందని భయమేమో అనుకునేదాన్ని.

సినిమా మనుషులు మద్రాసు నుంచి ఒక్కొక్కరే హైదరాబాదుకు తరలివస్తున్న రోజుల్లో మేమూ వచ్చి యూసుఫ్‌గూడలో రెండు గదుల వాటాలో చేరాం. ఫిల్మ్‌నగర్ అప్పటికింకా సగం బండరాళ్లే. ఆటోవాళ్లు ఆ ఎత్తు ఎక్కలేమని కిందే దింపేస్తే, చీర కుచ్చిళ్లు పట్టుకుని రాళ్ల మధ్య నడిచి రికార్డింగ్ థియేటర్‌కి చేరేవాళ్లం. ఇద్దరం కోరస్ పాడేవాళ్లం. దానికి తోడు ఆయన ట్రాక్ కూడా పాడేవారు. ట్రాక్ అంటే పేరున్న గాయకుడు మద్రాసు నుంచి వచ్చేలోగా పాట ఎలా ఉండాలో ముందుగా పాడి పెట్టడం. ఆ గాయకుడు వచ్చి పాడి వెళ్లాక ఈ గొంతు చెరిపేస్తారు. చెరపడానికి పాడే పాటే అయినా మా ఆయన మాత్రం పొద్దున్నే లేచి, గోరువెచ్చని నీళ్లు తాగి, పెళ్లికి వెళ్తున్నట్టు తయారయ్యేవారు.

ఆ థియేటర్‌లో భయమే మాకు తిండీ నీళ్లూ. వయొలిన్లు, తబలా, కోరస్, అన్నీ కలిపి ఒకేసారి పట్టేవారు. పాట చివరి మలుపులో ఎవరి గొంతు జీరపోయినా అందరూ మళ్లీ మొదటికి రావలసిందే. హీరో పాటంటే పైశ్రుతిలో పాడాల్సిందేనన్న రోజులవి. ఆ పైకి అందుకునే మగగొంతులు తక్కువ గనక, కోరస్‌లో పై వరుస భారమంతా ఈయన మీదే పడేది. ఎర్రలైటు వెలిగిన ప్రతిసారీ నా వేళ్ల చివళ్లు చల్లబడేవి. అయినా ఆయన గొంతు ఒక్కనాడు కూడా తడబడలేదు.

మా అమ్మాయి నెలల పిల్లగా ఉన్నప్పుడు, మేం కోరస్ పాడే సంగీత దర్శకుల్లో పెద్దాయనొకరు ఆయన్ని పిలిచి, తన కొత్త సినిమాలో ఒక పాట పూర్తిగా ఆయనతోనే పాడిస్తానన్నారు. ట్రాక్ కాదు, అసలు పాట. చరణం చివర పై పంచమం మీద నిలబడే చోటొకటుంది, అది ఈ గొంతు కోసమే కట్టానన్నారట. ఆ మధ్యాహ్నం ఆయన కొండ దిగి ఇంటిదాకా నడిచే వచ్చారు, ఆటో ఎక్కాలని తోచలేదట.

ఆ వారంలోనే ఇంకో సినిమాకి కోరస్ పాడుతున్నాం. మైకుకి అటు మగవాళ్లు, ఇటు మేము, ఎదురెదురుగా నిలబడ్డాం. ఆయన పై స్వరం అందుకుంటూ గడ్డం కాస్త పైకెత్తారు. చొక్కా కాలరు పైన, గొంతుముడికి పక్కగా, ఉసిరికాయంత ఉబ్బు కనిపించింది. మింగినప్పుడు పైకి జరిగి మళ్లీ కిందకి దిగింది. నేను పాడవలసిన చోటు వచ్చింది, వెళ్లిపోయింది. నా నోరు పెగల్లేదు. పాట ఆగిపోయింది. ఎవరు తప్పారని అద్దాల గదిలోంచి మైకులో కేకేస్తే చెయ్యెత్తాను. పసిపిల్ల తల్లి కదా, నిద్రలేమి అనుకుని వదిలేశారు.

ఆటోలో వస్తున్నంతసేపూ చెప్పలేకపోయాను. ఇంటికొచ్చాక గ్లాసుతో నీళ్లిచ్చి ఎదురుగా నిలబడి చూశాను. ఏంటలా చూస్తున్నావని ఆయన అడిగితే, చెయ్యి పట్టుకుని ఆ వేళ్లనే గొంతు మీద పెట్టాను. మళ్లీ మింగమన్నాను. ఆయన ముఖంలో రంగు దిగిపోవడం ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

ఆస్పత్రిలో సర్జన్ గారు మంచి మనిషి, అందుకే ఇంకా భయమేసింది. థైరాయిడ్ గ్రంథిలో గడ్డ అన్నారు. సూదితో తీసి పరీక్షించినా మంచిదో చెడ్డదో తేలలేదు, కోసి తీసి చూస్తేగాని చెప్పలేమన్నారు, ఆలస్యం వద్దన్నారు. అన్నీ రాసుకుంటూ మీరేం చేస్తుంటారని అడిగారు. పాడతానని ఈయన చెప్పగానే ఆయన కలం ఆగింది. గడ్డ పక్కనే సన్నని నరాలుంటాయని, మాటకేమీ కాకుండా చూసుకుంటానని, పై స్వరాల సంగతి మాత్రం తాను మాటివ్వలేనని నెమ్మదిగా చెప్పారు.

బయటికొచ్చి వేపచెట్టు కింద సిమెంటు బెంచీ మీద కూర్చున్నాం. ఆయన ఆస్పత్రి చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఆ పాట పాడేశాక చేయించుకుంటాను."

"అది చెడ్డగడ్డయితేనండీ?"

"అయితే అవనీ. పాడకుండా మాత్రం ఆ బల్లెక్కను."

ఇక అక్కడి నుంచి నా జీవితమంతా ఆ గొంతు చుట్టూ తిరిగింది. పాట రేపు, ఎల్లుండి అంటూ వెనక్కి జరుగుతూనే ఉంది. ట్యూన్ నిర్మాతకి నచ్చలేదన్నారు, నచ్చాక పల్లవి మార్చాలన్నారు, అది మారాక హీరోగారు ఊళ్లో లేరన్నారు. వానాకాలం వచ్చింది, దాటింది. ఆయన మఫ్లరు చుట్టుకుని తిరిగేవారు. నాకు గడ్డ పెరిగినట్టుండేది, మర్నాడు పెరగలేదేమో అనిపించేది. ఆయన దగ్గితే పొయ్యి దగ్గర గరిటె జారిపోయేది. పాడితే ఇంకా భయం, ప్రతి పాటా ఆఖరిదేమోనని. పాడకపోతే అంతకన్నా భయం.

ఒకనాడు గోడకానుకుని కూర్చున్న నన్ను మా ఇంటి ఓనరమ్మ పట్టేసింది. పిల్లని ఒళ్లోకి తీసుకుని, "ఏందమ్మా, గిట్ల కూసున్నవ్? సార్‌కేమన్న అయ్యిందా?" అంది. ఎవరికీ చెప్పుకోనిదంతా ఆవిడ ముందు కక్కేశాను. ఆవిడ అంతా విని, "నువ్వే పోయి ఆ పెద్దసార్‌ను అడుగు. అడిగితే ఏమైతది? కొడ్తడా? పిల్లను నేను చూస్కుంట, పో," అంది.

మర్నాడు పొద్దున్నే జూబ్లీ హిల్స్‌లో ఆ సంగీత దర్శకుల ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. ఎత్తయిన గోడలు, రోడ్డు మీద నడిచే మనిషన్నవాడు లేడు, నడుస్తున్న నన్ను చూసి ప్రతి గేటు వెనకా ఓ కుక్క మొరిగేది. వాళ్ల గేటు దగ్గర వాచ్‌మన్ కుక్కని గొలుసుతో పట్టుకుని నన్ను లోపలికి పంపితే, వరండా దాకా వెళ్లాను. సంగీత దర్శకులు టీ తాగుతున్నారు.

నిజం చెప్పాలంటే, ఆ పాట ఇంకెవరికైనా ఇచ్చేయమని అడగడానికే వెళ్లాను. పాట చెయ్యిజారిపోతే ఈయన ఆపరేషన్‌కి ఒప్పుకుంటారు, మనిషి దక్కుతాడు, నాకు అంతే చాలు. దారిపొడుగునా అదే మాట కట్టుకుని వెళ్లాను. తీరా ఆయన ఏం కావాలమ్మా అని అడిగేసరికి, గడ్డ సంగతంతా చెప్పి, "త్వరగా పాడించెయ్యండి సార్," అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా అని నాకే ఆశ్చర్యమేసింది.

ఆయన కప్పు కింద పెట్టారు. "ఇన్నాళ్లూ చెప్పకుండా ఎలా ఉన్నారమ్మా మీరు? రేపు పొద్దున తీసుకురా. వాయిద్యాలు తర్వాత చూసుకుందాం, ముందు గొంతు పట్టేద్దాం," అన్నారు.

మర్నాడు ఆ పెద్ద థియేటర్‌లో వయొలిన్ల కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి. శ్రుతిపెట్టె, ఒక కీబోర్డు, మా ఆయన. నన్ను అద్దాల గదిలో రికార్డిస్టు గారి వెనక కూర్చోబెట్టారు. ఆయన మఫ్లరు తీసి కుర్చీ మీద వేశారు. పల్లవి హాయిగా వెళ్లింది. చరణంలో పై పంచమం దగ్గర, నేనెప్పుడూ విననిది జరిగింది. గొంతు చీలింది.

సంగీత దర్శకులు మైకు మీటనొక్కి, "ఒక శ్రుతి తగ్గిద్దామా?" అని చాలా మెత్తగా అడిగారు. ఆయన అద్దంలోంచి నా వంక చూశారు. తగ్గించుకోమని తల ఊపాను.

"వద్దండి," అన్నారాయన. "ఈ ఒక్కసారికీ ఇక్కడే పాడతాను."

నేను చూడలేక గోడవైపు తిరిగిపోయాను. రెండోసారి ఆ స్వరం వచ్చి, నిలబడి, ఇంకా నిలబడి, దించుతున్నట్టు తెలియకుండా దిగింది. మళ్లీ ఇటు తిరిగి, రికార్డిస్టు గారు కళ్లజోడు తీసి తుడుచుకోవడం చూశాకే పాట అయిపోయిందని నాకు తెలిసింది.

ఆస్పత్రికి వెళ్తూ ఆటోలో ఆయన, "నువ్వెళ్లి అడిగావు కదూ?" అన్నారు. తిడతారేమోనని తలవంచుకున్నాను. ఆయన నా చేతిమీద చెయ్యి వేసి, దిగేదాకా తియ్యలేదు.

గడ్డ చెడ్డది కాదు. సర్జన్ గారు ఆ మాట చెప్పినప్పుడు ఆస్పత్రి వరండాలోనే మోకరించి ప్రార్థన చేసుకున్నాను. కొన్నాళ్లకి మాట వచ్చింది, కాస్త లావుగా, కాస్త అడుగునుంచి. జలుబు చేసినట్టుంది, అదే తగ్గిపోతుందనుకున్నాం. ఒక మధ్యాహ్నం నేను పెరట్లో బట్టలారేస్తూంటే స్నానాలగదిలోంచి ఆయన స్వరాలు పాడుతూ ఎక్కడం వినిపించింది. మధ్యలో ఆగారు. మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ అక్కడే ఆగారు. తర్వాత పంపు తిప్పిన చప్పుడు, చాలాసేపు నీళ్లు పడుతూనే ఉన్నాయి. చేతిలో తడిబట్టతో అలాగే నిలబడిపోయాను గాని తలుపు కొట్టే ధైర్యం రాలేదు.

ఆ తర్వాతి ఆదివారం, హైదరాబాదు వచ్చాక మేం పాడుతున్న చర్చిలో, క్వయర్ లేచి నిలబడేవేళకి నాకు ఒకటే భయం. అలవాటుగా టెనర్ల ముందువరుసలోకి వెళ్లి నోరు తెరుస్తారేమో, అందరి ముందూ ఆ చోట ఆగిపోతారేమోనని. ఆయన ముందువరుసకి వెళ్లలేదు. వెనక్కి నడిచి బేస్ వాళ్ల చివర నిలబడ్డారు. పక్కాయన ఏమీ అడగకుండా కాస్త జరిగి, తన పాటల పుస్తకం ఇద్దరికీ కనబడేలా పట్టుకున్నాడు. ఆ తర్వాత ఆయన ఒక బళ్లో సంగీతం మాస్టారుగా చేరి, వందలమంది పిల్లలకి పాట నేర్పి రిటైరయ్యారు. బేస్ వరుసలో ఇప్పటికీ ఆయనే పెద్ద.

ఆ సినిమా పూర్తికాలేదు. టేపులు ఖరీదైనవి, ఆగిపోయిన సినిమా టేపు మీద ఇంకొకటి పట్టేసేవారు. ఒక క్యాసెట్ మీదకి ఎక్కించి ఇవ్వమని అడగాలని ఆ ఆందోళనలో మా ఇద్దరికీ తోచనే లేదు. ట్రాకులన్నీ ఎప్పుడో చెరిగిపోయాయి, కోరస్‌లో ఆయన గొంతు పదిమందిలో కలిసిపోయింది.

ఇప్పుడు ఫిల్మ్‌నగర్ బండలన్నీ మేడలయ్యాయి. పాడేవాళ్లు ఎవరి గదిలో వాళ్లు, ఒక్కొక్క ముక్కా పాడి పంపుకుంటారట. ఎక్కడైనా కాస్త జారితే కంప్యూటరే సరిచేసి పెడుతుందట. నాలాగా చేతులు చల్లబడి నిలబడే పని ఎవరికీ లేదు, మంచిదే. మా అమ్మాయికి వాళ్ల నాన్నదంటే ఈ కింది గొంతే తెలుసు. అదీ మంచి గొంతే, పొద్దున్నే వంటింట్లో కూనిరాగం తీస్తూంటే ఇల్లు నిండుగా ఉంటుంది. ఆ మొదటి గొంతు మాత్రం నా చెవుల్లో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. ఈమధ్య తలుచుకోబోతే దాని బదులు ఇదే వచ్చి నిలబడుతోంది. ఆ పై పంచమం ముందుదాకా ఎలాగో వెళ్తున్నాను, అది మాత్రం వినిపించడం లేదు. ఇన్నేళ్ల తర్వాత నాకిప్పుడు ఉన్న భయమల్లా అదొక్కటే.