ట్యాంకర్ ఎక్కడుందో చెప్పే పేజీ

డిగ్రీ అయిపోయినాక ఏం చెయ్యాలో తోచక మార్కాపురంలో ఒక కంప్యూటర్ సెంటర్లో చేరినాను. ఎరువుల దుకాణం పైన ఒక గది. మా ఊరు పుల్లలచెరువు అవతల, అడవి అంచున. పొద్దున బస్సు తప్పితే ఆ రోజు క్లాసు లేనట్టే. చెప్పే సార్‌ను హైదరాబాదులో కంపెనీవాళ్లు తీసేస్తే సొంతూరికి తిరిగొచ్చినారు. నాతో చేరినవాళ్లు ఒక్కొక్కరే మానుకున్నారు. నేను మిగిలినాను.

"రాసిపెట్టిన పేజీ గోడ మీద బోర్డు లాంటిదమ్మా. ఎప్పుడు చూసినా ఒకటే ఉంటాది. మనం నేర్చుకునేది వేరే. ఎవరన్నా అడిగినప్పుడు సర్వర్ అప్పటికప్పుడు డేటాబేస్‌లో చూసి, పేజీ తయారుచేసి పంపించాల" అని సార్ మొదటి రోజు చెప్పినారు. నాతో పీహెచ్‌పీ అనే ప్రోగ్రాం భాషలో ఒక్క లైను రాయించినారు. పేజీ తెరిస్తే అప్పటి టైం వచ్చింది. మళ్లీ తెరిస్తే సెకన్లు మారినాయి. నవ్వుకుంటూ ఊరికే తెరుస్తానే ఉన్నాను.

తర్వాత అంత సులువుగా లేదు. డేటాబేస్‌లో తెలుగు దాచితే పేజీలో వరసగా ప్రశ్నార్థకాలు వచ్చేవి. అది ఎందుకో కనుక్కోడానికి నాకూ సార్‌కూ వారం పట్టింది.

ఎండాకాలం మా ఊరికి నీళ్లు ట్యాంకర్‌తోనే వస్తాయి. మా పాలెం ఊరి చివర, చర్చి దాటినాక. పైవీధులు అయినాకనే మా వంతు. ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్లు లేరు. కాచుకొని కూర్చుంటే అమ్మకు కూలి పోతుంది, కూలికి పోతే నీళ్లు పోతాయి. ఆ ట్యాంకర్ ఎక్కడుందో చెప్పే పేజీ చేస్తానన్నాను. సార్ దాన్ని ఉచితంగా నెట్‌లో పెట్టే చోటు చూపించినారు.

ట్యాంకర్ నడిపే అన్నను అడిగితే సరేనన్నాడు. బోరు దగ్గర బయలుదేరేటప్పుడు ఒకసారి, ఆగిన ప్రతి వీధిలో ఒకసారి ఆయన తన ఫోన్లో ఆ చోటు పేరున్న బటన్ నొక్కాల. పేజీ తెరిస్తే బండి ఏ వీధిలో ఉందో, ఎన్ని గంటలకు వచ్చిందో కనపడేది. ఒక నెల బాగా నడిచింది. అమ్మ మిరప చేలో పని చేసుకుంటా ఫోన్లో చూసుకొని టైముకు వచ్చేది. పక్కింటి అత్త నన్ను చూసినప్పుడల్లా "మా పాపే చేసింది" అని అందరికీ చెప్పేది. నాయన తన ఫోన్లో కూడా ఆ పేజీ పెట్టించుకున్నాడు.

ఒక రోజు బండి బోరు దగ్గర బయలుదేరి, పెద్ద బత్తాయి తోట కాడ ఆగినట్టు పేజీలో వచ్చింది. వీధి పేరు లేని చోట ఎక్కడ ఆగినారో రాసే గడి కూడా నేనే పెట్టినాను. ఆ అన్న ఏమీ అనుకోకుండా ఉన్నదున్నట్టు రాసినాడు. మాకు నీళ్లు రాలేదు. మర్నాడు కూడా అంతే. అత్త ఫోన్ పట్టుకొని తోట పెద్దాయన దగ్గరికి పోయింది. ఊళ్లో ఆయన మాటే మాట.

"ఫోన్లో రాసింది చూపించి నన్ను అడుగుతావా?" అన్నాడంట ఆయన.

అప్పటినుంచి పేజీ కదల్లేదు. నేను పోయి అడిగితే డ్రైవరన్న తల దించుకున్నాడు.

"నొక్కొద్దన్నారు పాపా. బండి లేకపోతే నాకు వేరే పని లేదు. నువ్వు తప్పుగా అనుకోవద్దు."

సార్‌కు చెబితే, "ఆయన నొక్కకపోతేనేం, నీళ్లు రాకపోతే మీ వాళ్లే నొక్కొచ్చు కదా" అన్నారు. పేర్లు అడక్కుండా, 'రాలేదు' అనే ఒక్క బటన్‌తో కొత్త పేజీ చేసినాను. పాలెంలో ఇంటింటికీ పోయి చూపించినాను.

"ఎవరు నొక్కినారో తెలుస్తాదా?" అని అందరూ అదే అడిగినారు. తెలియదన్నాను. ఒక్కరూ నొక్కలేదు.

"అమ్మా, నువ్వన్నా నొక్కు" అన్నాను.

అమ్మ ఫోన్ నా చేతికిచ్చేసింది. "నీకు అంతా తెలుసు, ఇది తెలియదా? రేపు నేను పోయేది ఆయన చేనుకే కదా."

నేనైనా నొక్కొచ్చు. రెండు మూడు సార్లు నొక్కినాను. అన్నీ నావేనని నాకు తెలుసు కాబట్టి పేజీలో లెక్క చూడాలనిపించలేదు. నేను రాసిన ప్రోగ్రాంలో తప్పేమీ లేదు. ఎవరు అడిగినా డేటాబేస్‌కు పోయి, ఉన్నది తెచ్చి చూపించేది. అందులో వేసేవాళ్లు లేరు, అంతే.

వానాకాలానికి సెంటర్ మూసేసినారు. సార్ ఒంగోలులో సెల్‌ఫోన్ల దుకాణంలో పనికి కుదిరినారు. నన్ను ఫోన్లో ఇంటర్వ్యూ చేసిన ఒక కంపెనీ అమ్మాయి, ఆ పేజీ గురించి మర్యాదగా అంతా విని, పీహెచ్‌పీ పాతదయింది, మాకు ఇప్పుడు వేరేవి వచ్చినవాళ్లు కావాలంది. ఆ వేరేవి ఇక్కడ ఎవరు చెబుతారు?

ఇప్పుడు గిద్దలూరులో ఒక నెట్ సెంటర్లో పని చేస్తున్నాను. జనం తెచ్చిన సర్టిఫికెట్లు స్కాన్ చేసి, వేరేవాళ్లు చేసిన పేజీల్లో వివరాలు ఎక్కిస్తాను. ఏదైనా ఎక్కకపోతే ఎందుకో నాకు అర్థమవుతుంది. చెయ్యగలిగింది మాత్రం ఏమీ ఉండదు. రేపు రండి అంటాను.

మొన్న సార్ ఫోన్ చేసినారు. "కొత్తది ఏమన్నా నేర్చుకుంటున్నావా అమ్మా?"

"లేదు సార్. మీరు?"

"నేనూ లేదు" అన్నారు. ఒంగోలులో ఉక్కపోత ఎక్కువ అన్నారు. ఇక్కడా అట్లనే ఉంది సార్ అన్నాను.