జేబులో ఉండిపోయిన రోటర్

1974లో విజయవాడ ఆటోనగర్‌లో నాకు రెండు కంపెనీలుండేవి. మొదటిదాంట్లో లారీ ఇంజన్లకు పిస్టన్లు, లైనర్లు తయారుచేసేవాళ్లం. దాని లాభాన్ని రెండోది తినేసేది. అందులో మామూలు కార్లను విప్పి, సొంతంగా చేసిన భాగాలు బిగించి, రేసు కార్లుగా మార్చేవాళ్లం. "పిస్టన్లు చేసుకుంటూ సుఖంగా ఉండక ఈ పిచ్చేంటి బావా?" అని మా బావమరిది తరచూ దెప్పేవాడు.

మా మొదటి రేసు కారు గుడివాడ దగ్గర రైసు మిల్లు నడిపే వెంకటరత్నం గారిది. మద్రాసు రేసులో తానే నడుపుతానన్నారు. అక్కడ అది బాగా పరుగెత్తితే రెండో కంపెనీ నిలుస్తుంది, లేకపోతే మూసెయ్యడమే.

రేసుకు ముందు ఆయన పక్కన కూర్చుని హనుమాన్ జంక్షన్ వైపు ట్రయల్‌కు వెళ్లాను. ఇంజను బ్రహ్మాండంగా పలికింది. ఒక వంతెన దిగుతూ మలుపు తిరగబోతుండగా ఆయన గేరును న్యూట్రల్‌లోకి నెట్టేశారు. అప్పట్లో పెట్రోలు ధర మండిపోతుండేది. మా డెల్టాలో కాలవ వంతెన దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని అందరూ అలాగే బండిని వదిలేసేవారు. మామూలు కారుకు చెల్లిపోయేది. ఆ వేగంలో మాత్రం ఇంజను పట్టు పోగానే కారు అడ్డంగా తిరిగి, కాలవ అంచున ఆగింది.

"గేరెందుకు తీశారండీ?"

"నేనా? తీశానా?" అన్నారాయన. నిజంగానే ఆయనకు తెలియదు.

షెడ్డుకు రాగానే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, రోటర్‌ను జేబులో వేసుకున్నాను. బొటనవేలంత ముక్క. ప్లగ్గులకు కరెంటు పంచేది అదే, అది లేకపోతే ఇంజను స్టార్టవదు.

"కారు నాదండీ. తాళం నా దగ్గరుంది."

"తాళం ఉంచుకోండి. ఈసారి మిమ్మల్ని రేసుకు పంపను."

"మరి మీ కంపెనీ సంగతేంటి?"

నేను డిస్ట్రిబ్యూటర్ మూత మళ్లీ బిగించేశాను. ఆయన విసురుగా వెళ్లిపోయారు. మా కారు లేకుండానే ఆ రేసు జరిగిపోయింది; పిస్టన్ల డబ్బుతోనే రెండో కంపెనీని ఇంకొంతకాలం లాక్కొచ్చాను.

కొన్నాళ్లకు ఆయన భార్య సుశీల గారిని వెంటబెట్టుకుని, తన పాత అంబాసిడర్‌లో వచ్చారు. "గుడివాడ నుంచి న్యూట్రల్ చెయ్యకుండా నడిపాను. కావాలంటే ఈవిణ్ణి అడగండి, రోటర్ ఇచ్చెయ్యండి."

నేను ఆవిడ వైపు చూశాను.

"ఒక్కసారి చేశారండీ, కంకిపాడు వంతెన దగ్గర," అన్నారావిడ. "ఇంకొన్నాళ్లు మీ జేబులోనే ఉండనివ్వండి."

ఆయన ముందు ఉడుక్కుని, తర్వాత పగలబడి నవ్వారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ అలవాటు పూర్తిగా పోయాకే రోటర్ తిరిగిచ్చాను. మరుసటి ఏడు రేసులో ఆయన గెలవలేదు గానీ, చివరిదాకా నడిపారు. అది చూసి మరో ఇద్దరు తమ కార్లు మాకు పంపారు. నేను మాత్రం ట్రయల్‌కు వెళ్లినప్పుడల్లా ఇంజను చప్పుడు వినడం మానేసి, గేరు మీదుండే నడిపేవారి ఎడమ చేతినే చూస్తూ కూర్చునేవాణ్ణి.