గోనెపట్టా ఈడ్చిన శుక్రవారం

మా చిన్నప్పుడు... ఖతర్‌లో గోల్ఫ్ అంటే మాకు పచ్చిక కాదు, ఇసుక. శుక్రవారం పొద్దున్నే దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలోని మా ఇంటి నుంచి నాయిన పాత కారులో ఎడారి మైదానానికి బయలుదేరేవాళ్లం. నా ఒళ్లో పీటంత ప్లాస్టిక్ గడ్డి ముక్క... బంతి ఎక్కడ పడితే అక్కడ దాన్ని పరిచి, పైన బంతి పెట్టి కొట్టాలి. అక్కడున్న పచ్చదనమంతా అదే.

నాయిన సికింద్రాబాద్‌లో దొరల గోల్ఫ్ బ్యాగులు మోస్తూ ఆట నేర్చుకున్నాడు. ఆ మోసేవాళ్లలో మొదట ప్రొఫెషనల్ అయింది ఆయనే. అయినా ఏం లాభం... పోటీ గెలిచిన రోజు కూడా క్లబ్బు లోపలికి రానివ్వలేదట, చాయ్ వెనక గుమ్మం దగ్గరే తాగాడట. చివరికి ఇక్కడ కంపెనీ స్టోర్‌లో డ్యూటీ.

అప్పుడు దోహాలో నిజమైన పచ్చిక మైదానం ఒకటి సిద్ధమవుతోంది. ఆట నేర్పడానికి మనిషి కావాలన్నారు. చివరికి నాయిన, ఇంకొకాయన మిగిలారు. గడ్డి ఇంకా పూర్తిగా ఎదగలేదు కాబట్టి ఇసుక మీదే పోటీ... గెలిచినవాళ్లకు ఉద్యోగం. ఆ వారమంతా నాయిన నిద్రపోలేదు.

చివరి గుంత దాకా ఇద్దరూ సమానం. గుంత చుట్టూ చమురు కలిపిన నల్లటి ఇసుక. బంతిని దొర్లించే ముందు గోనెపట్టా ఈడ్చి అడుగుల గుర్తులు చెరపాలి... అది నా పని. నాయిన గెలిచేస్తాడన్న సంబరంలో కాస్త ఎక్కువ లాగాను. పట్టా అంచు తగిలి నాయిన బంతి వేలెడు కదిలింది. ఎవరూ చూడలేదు. నాయిన మాత్రం నా మొహం చూశాడు.

చెయ్యెత్తి తనే చెప్పేశాడు. అప్పటి రూలు ప్రకారం, తన వెంట వచ్చిన మనిషి బంతిని కదిపితే ఆటగాడికి ఒక దెబ్బ ఎక్కువ లెక్కేసి జరిమానా... ఆ ఒక్క దెబ్బ తేడాతోనే ఓడిపోయాడు.

కారులో ఏడుస్తూ అడిగాను. "ఎవ్వలు చూడలే గద నాయినా, ఎందుకు చెప్పినవ్?"

"నువ్వు చూసినవ్ గద బిడ్డా" అన్నాడు. అంతే... ఒక్క మాట తిట్టలేదు. రిటైరయ్యేదాకా ఆ స్టోర్‌లోనే ఉన్నాడు.

నాయిన పోయి ఆరేళ్లు. ఇప్పుడు నేను ఖతర్‌లోనే, అల్ ఘర్రాఫాలో ఉంటున్నాను. దుమ్ముగాలి వచ్చి వెళ్లాక బాల్కనీ ఊడుస్తుంటే ఇసుక మీద గోనెపట్టా ఈడ్చిన చప్పుడే... చీపురు ఆపి కిందకు చూస్తాను, బంతి ఉందేమోనని. "ఏం ఎతుకుతున్నవమ్మా?" అంటుంది మా అమ్మాయి. మళ్లీ ఊడవడం మొదలుపెడతాను.

దోహాలో ఇప్పుడు పచ్చికకు కొదవ లేదు. నేను మాత్రం ఆ మైదానాల్లో అడుగు పెట్టలేదు. మీకూ ఉన్నారా, తిట్టాల్సినప్పుడు తిట్టకుండా వెళ్లిపోయినవాళ్లు? ఉంటే ఇక్కడ రాయండి... మా నాయిన ఆ రోజు ఒక్కసారి తిట్టి ఉంటే, ఈపాటికి నేను మర్చిపోయేదాన్ని.