కట్టు కట్టిన కాలు

నాకు చూడగానే తెలిసిపోతుంది. ఈ పొగరు చిన్నప్పటి నుంచీ ఉంది. అల్లూరు దగ్గర రొయ్యల గుంటల మీద ఎనిమిదేళ్లు పనిచేయడంతో ఇంకా ముదిరింది. వలలోంచి తీసిన రొయ్యను వెలుతురుకు పట్టి, పేగు తెల్లబడితే జబ్బు తగిలిందని అక్కడికక్కడే చెప్పేసేదాన్ని. ల్యాబు కాగితం వచ్చేదాకా ఎవరూ ఆగేవాళ్లు కాదు. ఆగితే గుంట మొత్తం పోతుంది కదా.

అలాంటిదాన్ని ముప్పై మూడో ఏట మెడికల్ కోడింగ్ నేర్చుకుంటానని నెల్లూరు బస్సెక్కాను. డాక్టర్లు రాసిన జబ్బునూ చికిత్సనూ కోడ్‌లుగా మార్చి ఇన్సూరెన్స్ కంపెనీకి పంపే పని అది. నాలుగు నెలలు క్లాసులు, ఆ తర్వాత ఒక ప్రైవేటు ఆసుపత్రి రికార్డుల గదిలో నెల రోజుల శిక్షణ. ఆ గది బాధ్యత ఒక మేడమ్‌ది. నెలాఖరున నా శిక్షణ పత్రం మీద ఆవిడ సంతకం పెడితేనే ఉద్యోగం.

మొదటి రోజే ఆవిడ రెండు ముక్కలు చెప్పారు. ఫైల్లో రాసి ఉంటేనే జరిగినట్టు. అనుమానం వస్తే డాక్టర్‌ను అడగాలి, కానీ అడిగేటప్పుడు జవాబు మనం అందించకూడదు. నాకు నవ్వొచ్చింది. ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పేవాళ్లను కళ్లారా చూసిందే చెప్పమంటారు మా పాస్టరుగారు. ఇక్కడేమో కళ్లారా చూసింది చెల్లదట!

మూడు వారాల్లో రెండు తప్పులు చేశాను. మందుల జాబితాలో ఇన్సులిన్ కనిపించిందని, డాక్టర్ ఎక్కడా రాయకపోయినా షుగర్ జబ్బుకు కోడ్ వేశాను. ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఫైలు తిరిగొచ్చింది. బిల్లు తేలక ఆ రోగి ఊరికే ఇంకో రెండు రోజులు మంచం మీద ఉండిపోయాడు. రెండోది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. బోగోలు నుంచి చేపలు పట్టే మనిషి చెయ్యి విరగ్గొట్టుకుని వచ్చాడు. ఎక్కడ పడ్డాడో ఫైల్లో లేదు. పడవలో కాక ఇంకెక్కడ పడతాడనుకుని అదే కోడ్ వేశాను. తీరా చూస్తే ఆయన పడింది బావమరిది పెళ్లి ఊరేగింపులో, డాన్సు చేస్తూ.

"ఇంకొక్కసారి నీ సొంత తెలివి కలిపినావంటే సంతకం లేదు," అన్నారు మేడమ్. గట్టిగా కూడా అనలేదు.

చివరి వారంలో ఒక మధ్యాహ్నం మా పక్క ఊరి ముసలావిడ ఫైలు వచ్చింది. రొయ్యలు పట్టే రోజుల్లో గుంటల్లోకి కూలికి దిగే మనిషి. షుగర్ ముదిరి కాలి వేలు చచ్చిపోయింది. మర్నాడు పొద్దున్నే ఆ వేలు తీసేయాలి. దానికి ఇన్సూరెన్స్ అనుమతి కావాలి, ఫారం నాలుగు గంటల్లోపు వెళ్లాలి. అనుమతి ఒక కాలికి వచ్చి కోత ఇంకో కాలికి అయితే థియేటర్ గుమ్మం దగ్గరే ఆపేస్తారు.

ఫైలు తెరిచాను. క్యాజువాలిటీ కాగితంలో కుడి కాలు అని ఉంది. వార్డు నర్సు కాగితంలో ఎడమ కాలికి డ్రెస్సింగ్ చేసినట్టు ఉంది. ఆపరేషన్ చేసే పెద్ద డాక్టర్ రెండో వేలు తీసేయాలని రాశారు, ఏ కాలో రాయలేదు.

నేను ఆవిడను చూశాను. అన్నం తిని వస్తూ వార్డు మీదుగా వచ్చాను. ఎడమ పాదానికి ఇంత లావు కట్టు ఉంది. ఎదురుగా నిలబడి రాసేవాళ్లకు కుడి ఎడమలు తారుమారు కావడం మామూలే, క్యాజువాలిటీలో తొందరలో తప్పు రాసి ఉంటారనుకున్నాను. ఫారంలో 'ఎడమ' అని టైప్ చేసేశాను.

కౌంటర్ దగ్గర ఆవిడ కూతురు నిలబడి ఉంది. "పంపించినారా అక్కా? రేపు తియ్యకపోతే పాదం దాకా ఎక్కతాదని చెప్పినారు."

"పంపిస్తా ఉండానమ్మా," అన్నాను. వేలు మౌస్ మీద ఉంది. మేడమ్ పైఅంతస్తులో మీటింగ్‌లో ఉన్నారు, ఫోన్ ఎత్తడం లేదు. టైము మూడూ ఇరవై. నొక్కితే పని అయిపోతుంది. నొక్కలేకపోయాను. ఇది మూడో తప్పయితే? ఫైలు చంకలో పెట్టుకుని థియేటర్ వైపు దాదాపు పరిగెత్తాను.

అక్కడ పావుగంట నిలబడ్డాను. గోడ గడియారం వైపు చూడకూడదనుకుంటూనే చూశాను. చివరికి డాక్టర్ బయటికొచ్చారు, చెవి దగ్గర ఫోన్. ఎవరికో ఊఁ కొడుతూనే ఏమిటన్నట్టు నాకేసి చూశారు.

'ఎడమ కాలే కదా సార్' అంటే చాలు, నాకూ ఊఁ కొట్టేసి వెళ్లిపోతారు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"రేపటి కేసు సార్. ఏ కాలి వేలో మీరు రాయలేదు."

ఆయన ఫోన్ దించారు. "పేషెంటు పక్క వార్డులోనే ఉంది. పోయి చూస్తే తెలీదా?"

"చూసినాను సార్. నేను చూసింది రాయకూడదు. మీరు రాస్తేనే పంపాలి."

ఆయన ఒక్క క్షణం కోపంగా చూసి వార్డులోకి నడిచారు. నేను వెనకే వెళ్లాను. కట్టు కట్టిన ఎడమ పాదం దుప్పటి బయటే ఉంది. ఆయన దాన్ని ముట్టుకోలేదు. దుప్పటి అవతలి అంచు ఎత్తారు. కుడి పాదం బయటపడింది. కట్టు లేదు. రెండో వేలు బొగ్గులా నల్లగా ఎండిపోయి ఉంది.

"ఆ కట్టు?" అన్నాను, ఉండబట్టలేక.

"మొన్న గుంట గట్టు మీద నత్తగుల్ల కోసుకుందమ్మా," అంది ముసలావిడ. "అది మంట పుడతా ఉండాది. ఈ నల్లదానికి నొప్పే లేదు."

డాక్టర్ ఫైలు లాక్కుని 'కుడి' అని రాసి, సంతకం చేసి వెళ్లిపోయారు. నేను సీటుకొచ్చి 'ఎడమ' చెరిపేశాను. ఫారం పంపేసరికి నాలుగుకు నాలుగు నిమిషాలు తక్కువ. కూతురు నా చెయ్యి పట్టుకుని, "నువ్వు ఉండబట్టి అయిందక్కా," అంది. ఆ పిల్ల మొహంలోకి చూడలేకపోయాను.

మేడమ్ కిందికి రాగానే మొత్తం చెప్పేశాను, ముందు ఎడమ అని టైప్ చేసిన సంగతి కూడా.

"మరి ఎందుకు పంపలేదు?"

"మీ సంతకం పోతుందని మేడమ్. ఆమె కాలు గురించి కాదు."

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నా శిక్షణ పత్రం సొరుగులోనే ఉంది, బయటికి తీయలేదు. "రేపు ఆపరేషన్ అయినాక వార్డుకి పో. రెండు కాళ్లూ చూసి రా. సంతకం సంగతి ఆ తర్వాత."

మర్నాడు వెళ్లాను. కుడి పాదానికి కొత్త కట్టు ఉంది, పాదం నిలిచింది. మంచం చివర నిలబడి రెండు కాళ్లూ చూస్తుంటే ముసలావిడ కళ్లు తెరిచింది.

"ఏందమ్మా, అట్టా చూస్తా ఉండావు?"

"నిన్న సరిగ్గా చూడలేదమ్మా," అన్నాను.