మూత తీయని సాలమోను గారు

కొత్తపేట చరిత్ర రాసే మహానుభావుడు ఎవరైనా పుడితే, సాలమోను గారు గిన్నె మూత తీయని వైనానికి ఒక అధ్యాయం కేటాయించక తప్పదు. రిటైరైన ఈ లెక్కల మాస్టారు భోజనానికి కూర్చోగానే గిన్నెను పరిశీలిస్తారు. నిన్నటి గిన్నే అయితే లోపల నిన్నటి కూరే ఉందని తీర్మానించి, చారన్నం తిని లేచిపోతారు. వాసన పట్టే అవకాశం లేదు. జలుబు ఆయన ముక్కులో శాశ్వత నివాసి. చెప్పి తినిపించడానికి భార్య మార్తమ్మ గారికి అభిమానం అడ్డు.

వాళ్లమ్మాయి మెర్సీ హైదరాబాదులోని ఒక కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తుంది. ఒక బస్సుల యజమాని కోసం సీట్లు బుక్ చేసుకునే వెబ్ పేజీ తయారుచేసింది. మంగళవారం నాలుగింటికి ఆయన చూస్తారు. నచ్చకపోతే పని ఇంకొకరికి పోతుంది, మెర్సీ ఉద్యోగం పర్మనెంట్ కావడమూ ఆగిపోతుంది. తీరా ఆ మధ్యాహ్నం చూస్తే, పన్నెండో సీటు అమ్ముడైనా తెర మీద ఖాళీగానే ఉంది. లోపలి జాబితాలో సీటు మారింది. తెరకి ఆ కబురు అందలేదు.

ఆ రోజు మార్తమ్మ గారు గోంగూర రొయ్యలు వండి, నిన్న బీరకాయ పెట్టిన ఆకుపచ్చ మూత గిన్నెలోనే పెట్టారు. సాలమోను గారు గిన్నెను చూశారు, చారు పోసుకున్నారు, చెయ్యి కడుక్కుని వెళ్లిపోయారు.

"లోపలేం మారినా మీ నాన్నగారికి పట్టదే. గిన్నె మారిస్తేనే మూత తీస్తారు," అన్నారు మార్తమ్మ గారు.

"మరి మార్చొచ్చుగా అమ్మా?"

"రోజుకో గిన్నె తోమేదెవరు, నువ్వా?"

మెర్సీ ఎంగిలి చేత్తోనే లేచింది. తెర మీద సీట్లు చూపించే భాగం, ఆ కాంపోనెంటుదీ తండ్రి పద్ధతే. అందిన జాబితా పాతదా కొత్తదా అని చూస్తుంది తప్ప, లోపల ఏ సీటు మారిందో వెతకదు. మెర్సీ ఏమో ఇన్నాళ్లూ పాత జాబితాలోనే సీటు దిద్దుతూ వచ్చింది. ఇక సీటు మారినప్పుడల్లా జాబితాకి కొత్త నకలు తీసి, దిద్ది, దాన్నే అందించేలా పేజీని మార్చింది. నాలుగింటికి యజమాని స్వయంగా రెండు సీట్లు బుక్ చేశారు. రెండూ అమ్ముడైన గుర్తుగా ఆయన కళ్లెదుటే ఎర్రబడ్డాయి. పని మెర్సీ దగ్గరే ఉండిపోయింది.

ఇదంతా తండ్రి చలవేనని కూతురు చెబితే, సాలమోను గారు "ఆయ్, లెక్క అంతేగా," అని గంభీరంగా తలూపారు.

మర్నాడు మార్తమ్మ గారు బీరువాలోంచి గాజు గిన్నె దింపారు. సాలమోను గారు మూత తీశారు, రెండుసార్లు వడ్డించుకున్నారు, తాజా వంట తాజా వంటేనని మెచ్చుకున్నారు.

అవి నిన్నటి రొయ్యలు.